జిగురు తగ్గించు చెల్లె, సూది అందుకో

ప్రశ్న: అక్కా, మాది మిర్యాలగూడ. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా నాయిన ఆర్టీసీ కండక్టరు, ఎక్కువ కాలం నల్లగొండ–దేవరకొండ రూట్లోనే చేశాడు. పోయినేడు చనిపోయాడు. ఆయన బస్సెక్కితే మాకు కూడా టికెట్ కొట్టి చేతిలో పెట్టేవాడు. సొంత పిల్లలని వదిలేవాడు కాదు. మెషిన్లు రాకముందు నాటి ఆ టికెట్లు ఓ పదిపన్నెండు అమ్మ దాచింది. అవీ, ఒక ఖాకీ చొక్కా, సామాను తేవడానికి ఆయన రాసుకున్న ఒక చిట్టీ, ఇవే నా దగ్గర మిగిలినవి. వీడియోల్లో ఆర్ట్ జర్నల్ (రంగులు వేసి, కాగితం ముక్కలూ గుడ్డలూ అతికి చేసుకునే పుస్తకం) చూసి నేనూ ఒక పేజీ చేద్దామని లాంగ్ నోట్‌బుక్‌లో పోస్టర్ కలర్ వేసి, ఫెవికాల్‌లో నీళ్లు కలిపి చిట్టీ అంటించాను. పేజీ అప్పడంలా ముడుచుకుపోయింది. అంతకన్నా ఘోరం, చిట్టీ మీది ఇంకు పాకిపోయింది. 'చింతపండు' అని రాసిన చోట 'చిం' ఒక్కటే మిగిలింది. దాన్ని కాపాడే దారి ఉందా? నాకు బొమ్మలు గీయడం అసలు రాదు. వీడియోల్లో చెప్పే జెస్సో లాంటివి మా ఊళ్లో దొరకవు. 'చిత్తు కాగితాలకు ఇంత ఆర్భాటమా' అంటుంది అత్తమ్మ. ఇంకొకటి, చొక్కా జేబు అడుగున పెద్ద ఇంకు మరక ఉంది. ఉతికి వాడనా?

జవాబు:

చెల్లె, ముందు ఆ చిట్టీ సంగతి. మిగతాది తర్వాత చదువు.

దాన్ని పీకకు. తడిగుడ్డతో ఒత్తకు. మీద ఇంకో పొర జిగురు వేస్తే గట్టిపడుతుందేమో అనిపిస్తుంది, ఆ పని కూడా చేయకు. పాకిన ఇంకు వెనక్కి రాదు. నీళ్లు తగిలిన ప్రతిసారీ ఇంకొంత పోతుంది. పొద్దున పూట కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని చోట ఆ పేజీని పరిచి, ఫ్లాష్ లేకుండా సరిగ్గా పైనుంచి ఫోటో తీయి. ఫోన్‌లోనే ఎడిట్‌లోకి పోయి నలుపు తెలుపు చేసి కాంట్రాస్ట్ పెంచు. కంటికి ఆనని లేత గీతలు కొన్ని తేలతాయి. 'చింతపండు' మొత్తం రాకపోవచ్చు గాని, సున్నా తర్వాత ఏముందో కొంత పట్టుబడుతుంది. ఆ నలుపు తెలుపు ఫోటోనూ, మార్చని కలర్ ఫోటోనూ లేజర్ ప్రింటర్ ఉన్న జిరాక్స్ షాపులో అచ్చు వేయించు, రెండు మూడు కాపీలు. అసలు చిట్టీ ఉన్న పేజీని చుట్టూ జాగా వదిలి నోట్‌బుక్‌లోంచి కోసి, బాగా ఆరాక రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, కవర్లో వేసి బీరువాలో దాచు. అది ఇక పేజీలోకి రాదు. కాపీ వస్తుంది.

ఎందుకిలా అయిందో చెప్తాను, మళ్లీ కాకుండా ఉంటుంది. ఇంకు పెన్నులో ఉండేది నీళ్లలో కరిగిన రంగు. మళ్లీ నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. నువ్వు ఫెవికాల్‌లో కలిపిన నీళ్లు చాలు దానికి. బాల్ పెన్ ఇంకు నూనె జాతిది, అంత తొందరగా కదలదు. జెల్ పెన్నులు కొన్ని కదులుతాయి, కొన్ని కదలవు. తెలుసుకోవాలంటే దూదిపుల్ల తడిపి, ఏదో ఒక అక్షరం తోక మీద ఒక్కసారి అద్ది చూడు. దూదికి నీలం అంటితే ఆ కాగితం జోలికి పోకు. కలర్ ప్రింట్లతోనూ ఇదే గొడవ. ఇంక్‌జెట్‌లో తీసినది పాకుతుంది. లేజర్ ప్రింట్, జిరాక్స్ పాకవు, ఎందుకంటే వాటిలో ఉండేది వేడికి కరిగి కాగితానికి పట్టుకున్న ప్లాస్టిక్ పొడి. ఇదంతా నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. మా అమ్మాయి ఒకటో తరగతి గ్రూప్ ఫోటో ఇంక్‌జెట్ కాపీ మీద ముచ్చటగా జిగురునీళ్లు పూశాను. ముప్పై మంది పిల్లలూ, ముందు వరుసలో కూర్చున్న టీచరమ్మతో సహా, హోలీ ఆడినట్టయ్యారు.

ఇప్పుడు అసలు మాట. బొమ్మలు రావంటున్నావు, సామాను దొరకదంటున్నావు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకు కనబడిన లోపం ఆ రెండూ కాదు. తడి ఎక్కువైంది, అంతే. పల్చటి కాగితం, దాని మీద నీళ్ల రంగు, దాని మీద నీళ్ల జిగురు. లాంగ్ నోట్‌బుక్ కాగితం 60 జీఎస్ఎం చుట్టుపక్కల ఉంటుంది, అంటే చదరపు మీటరు కాగితం 60 గ్రాముల బరువు. పెన్నుతో రాసుకోవడానికి చేసిన కాగితం అది. వీడియోల్లో వాళ్లు వాడేది దానికి నాలుగైదింతల మందం, నీళ్ల రంగుల కోసమే చేసిన 300 జీఎస్ఎం రకం. అది తట్టుకుంటుంది, ఇది అప్పడమవుతుంది. వాళ్ల దగ్గర మందం కాగితం ఉంది కాబట్టి బ్రష్షు పట్టారు. నీ దగ్గర కుట్టు మిషను ఉంది. మిక్స్‌డ్ మీడియా అంటే పెద్ద విద్యేం కాదు. రంగు, కాగితం, గుడ్డ, దారం, ఏవైనా రెండు మూడు ఒకే పేజీ మీదికి రావడమే. దాంట్లో దారం నీకు పుట్టువిద్య. దాన్ని పక్కన పెట్టి రాని బ్రష్షుతో కుస్తీ ఎందుకు?

కాగితానికి దుకాణం వెతకొద్దు. మీ ఇంట్లో పెళ్లికార్డులు ఎన్నున్నాయో చూడు. నిన్న మొన్నటివి కూడా మందంగానే ఉంటాయి, వెనకవైపు ఖాళీ. దేవుడి బొమ్మ ఉన్న కార్డు చింపడానికి చేయి రాదు, నాకూ రాదు. లోపలి మడతలు, ఉత్త డిజైన్ ఉన్నవి తీసుకో. ఒకే సైజుకు కోసి, మధ్యలో మడిచి నాలుగైదు కలిపి నడి మడతలో మూడు బొక్కలు వేసి కుడితే చిన్న జర్నల్ తయారు. మెరుపు లామినేషన్ ఉన్న వైపు జిగురూ రంగూ సరిగ్గా పట్టవు. గరుకు వైపే వాడు. నోట్‌బుక్కే కావాలంటే మూడేసి పేజీలను గ్లూస్టిక్‌తో ఒకదానికొకటి అంటించు. తెల్ల ఫెవికాల్ కాదు, గ్లూస్టిక్. దాంట్లో తడి తక్కువ. అంటించాక మీద పలక పెట్టి, పలక మీద బరువు పెట్టి రాత్రంతా వదిలేయి. మిర్యాలగూడలో ఉండి బరువుకేం తక్కువ, బియ్యం సంచి పెట్టు.

జెస్సో గురించి రెండే ముక్కలు. కాగితం రంగును తాగేయకుండా ముందు వేసే తెల్ల పూత అది. ఇంటికి సున్నాలు వేసినప్పుడు మిగిలిన వాటర్ బేస్ వాల్ ప్రైమర్ ఉంటే అదే పని చేస్తుంది. పలచగా ఒక చేయి అడ్డంగా, పూర్తిగా ఆరాక ఇంకో చేయి నిలువుగా వేయి. వెనకవైపు కూడా ఒక పూత పూస్తే కాగితం ఒకవైపుకు వంగదు. కానీ నువ్వు చేసే పేజీకి ఇది అవసరం లేదనే నా ఉద్దేశం.

ఎందుకంటే నువ్వు చేయాల్సిన పేజీ నాకు కనబడుతోంది. ఆ ఖాకీ చొక్కా జేబు ఉంది కదా, దాన్ని జేబులాగే పెట్టు. బొమ్మ గీయకు, ముక్కలు కోసి అంటించకు. జేబు చుట్టూ అర అంగుళం గుడ్డ వదిలి చొక్కాలోంచి కోయి. కోసే ముందు, కత్తెర వెళ్లే గీత వెంట గుడ్డ వెనకవైపు చిక్కటి ఫెవికాల్ సన్నగా రాసి ఆరనివ్వు, పోగులు ఊడవు. నేను ఒక గద్వాల చీర అంచు ముక్కకు ఇది మరిచిపోయాను. పొద్దునకల్లా జరీ అంతా పీచయింది. తర్వాత దాన్ని కార్డు మీద పెట్టి మిషను మీదే కుట్టు. పై నోరు తెరిచే ఉండాలి.

కాగితం మీద మిషను కుట్టడం జాకెట్ కుట్టినట్టు కాదు, నాలుగు సంగతులు గుర్తుపెట్టుకో. కుట్టు పొడుగు 4 మీద పెట్టు. చిన్న కుట్టు పెడితే బొక్కలు దగ్గర దగ్గరగా పడి, పోస్టల్ స్టాంపుల షీటులా ఆ గీత వెంటే చిరుగుతుంది. కొత్త సూది వాడకు, కాగితానికి సూది మొద్దుబారుతుంది. పారేయబోయే పాత సూది చాలు. మూల దగ్గర సూదిని కాగితంలో దింపి ఉంచి, ఫుట్ లేపి తిప్పు. ఇక చివర్లో అలవాటు కొద్దీ వెనక్కి కుట్టబోతావు, ఆ చేయి ఆపుకో. ఒకే చోట రెండోసారి సూది దిగితే కాగితం ఊడి వస్తుంది. దారాలు పొడుగ్గా వదిలి వెనక్కి లాగి ముడి వేయి. ముందు ఒక పాత కార్డు మీద రెండు గీతలు కుట్టి చూసుకుంటే చేతికి తెలుస్తుంది. మిషను వద్దనుకుంటే పిన్నీసుతో అర అంగుళానికొక బొక్క పొడుచుకుని చేతికుట్టు వేయి. ముందే బొక్క లేకుండా సూది దింపితే కాగితం నలుగుతుంది.

ఆ జేబులో టికెట్లు. అంటించకు. ఊరికే పెట్టు, నాలుగైదు బయటికి తొంగిచూసేలా. చూసేవాళ్లు చేయి పెట్టి తీసుకోవాలి, చూసి మళ్లీ పెట్టాలి. కండక్టరు జేబుకు అంతకన్నా ఏం కావాలి? టికెట్ మీది పంచ్ బొక్క కనబడేలా పెట్టు, అది మీ నాయిన చేతి గుర్తు. వాటి మీద ఏపీఎస్ఆర్టీసీ అని ఉండి ఉంటుంది. తర్వాత అది టీఎస్ అయింది, 2024లో టీజీఎస్ఆర్టీసీ అయింది. ఆ అక్షరాలు పైకి ఉంటే నువ్వు తేదీ వేయకపోయినా ఎప్పటివో తెలిసిపోతుంది. ఈ మధ్య మెషిన్ టికెట్లు కూడా ఏవైనా దాచి ఉంటే వాటిని నమ్ముకోకు. ఏటీఎం స్లిప్పులాగే అది వేడికి నల్లబడే కాగితం, మెల్లగా అక్షరాలు వెలిసిపోతాయి. మన దగ్గరి ఎండల్లో ఇంకా తొందరగా. ఇస్త్రీ పెట్టె తగిలిందా, మొత్తం నల్లగా మారుతుంది. ఈ వారమే జిరాక్స్ తీయించి ఆ కాపీ వాడు.

చిట్టీ కాపీని జేబు పక్కన పెట్టు. ఇక్కడ నాకొక అభిప్రాయం ఉంది, నువ్వు ఒప్పుకోకపోయినా సరే. కాంట్రాస్ట్ పెంచి అక్షరాలు బాగు చేసిన కాపీ జేబు లోపల పెట్టు. పైన కనబడేలా కుట్టేది పాకిన దాని కలర్ లేజర్ కాపీ, ఉన్నది ఉన్నట్టు. పోచంపల్లి చీరలో ఆకు బొమ్మ, చిలుక బొమ్మ చుట్టూ గీత కత్తితో కోసినట్టు ఉండదు చూడు, రంగు అటూ ఇటూ రవ్వంత జరిగి ఉంటుంది. చిటికి కట్టి, అంటే నేయకముందే పోగులకు ముడులు కట్టి, రంగు అద్దేటప్పుడు ముడి కిందికి రంగు కొంచెం ఇంకినా, నేసేటప్పుడు పోగు కొంచెం జరిగినా అలా వస్తుంది. దాన్ని ఎవరూ తప్పు అనరు, అది లేకపోతేనే మిల్లు అచ్చు బట్ట అంటారు. నీ చిట్టీ మీది నీలం మరకను నేను అలాగే చూస్తాను. 'ఉప్పు', 'మంచినూనె' చదవగలిగేలా ఉన్నాయా? ఆ మాటల మీద ఖాకీ రంగు దారంతో, అక్షరం వెంటే చిన్న చిన్న చేతికుట్లు వేస్తూ పో. ఆయన రాత మీద నీ కుట్టు వస్తుంది. 'చిం' దగ్గర ఆగిపో. మిగతాది కుట్టకు.

ఇక వెనక రంగు. పోస్టర్ కలర్ ఆరిన తర్వాత కూడా తడి తగిలితే మళ్లీ లేస్తుంది, దాంట్లో ఉండేది బంక కాబట్టి. అక్రిలిక్ ఒకసారి ఆరితే కదలదు, గుడ్డల మీద వేసుకునే ఫ్యాబ్రిక్ కలర్ అదే జాతి. నీకు అదీ కొనే పని లేదు. దేవరకొండ వైపు ఎప్పుడైనా పోతే బస్సు దిగి పిడికెడు ఎర్ర చల్క మట్టి తెచ్చుకో. ఎండబెట్టి, దంచి, పాత నైలాన్ చీర ముక్కలో జల్లించు. చెంచా మట్టికి చెంచా ఫెవికాల్, నాలుగు చుక్కల నీళ్లు. తడిగా ఉన్నప్పుడు పాలు కలిసినట్టు వెలిసి కనబడుతుంది, కంగారుపడకు. ఫెవికాల్ ఆరితే తేటపడి మట్టి రంగు చిక్కగా తేలుతుంది. బ్రష్షు వద్దు, పాత ఏటీఎం కార్డుతో కిందివైపు ఒక్క లాగుడు లాగు. మందంగా వేస్తే ఎండిన చెరువులా నెర్రెలిస్తుంది. అది నీకు నచ్చితే వేరే సంగతి, నాకు నచ్చుతుంది. అయితే ఇది అన్నిటికన్నా ముందు వేయాలి. కార్డు మీద మట్టి, ఒక పగలంతా ఆరడం, బియ్యం సంచి కింద ఒక రాత్రి, ఆ తర్వాతే జేబూ చిట్టీ. తడి పనులు ముందు, పొడి పనులు తర్వాత. ఆయిల్ పేస్టల్ లాంటి జిడ్డు రంగులు వాడాలనిపిస్తే అన్నిటికన్నా చివర, ఎందుకంటే జిడ్డు మీద నీళ్ల రంగు నిలవదు.

మట్టి చార మీద ఒక దారం గీత కుట్టు. ఒక కొసన నల్లగొండ, ఇంకో కొసన దేవరకొండ. మధ్యలో మీ నాయిన కేకేసి పిలిచిన స్టేజీలకు ఒక్కోదానికి ఒక ముడికుట్టు. కొండమల్లేపల్లి దగ్గర కొంచెం పెద్ద ముడి వేయి, దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ అక్కడ ఎక్కువ. ఇదే నీ బొమ్మ. గీయడం రాదన్నావు కదా, ఈ గీత నాకన్నా నువ్వే నీటుగా వేస్తావు.

ఫోటో కూడా కావాలనిపిస్తే ఒక మెళకువ ఉంది. గుడ్డ మీదికి ఫోటో ఎక్కించొచ్చు. లేజర్ ప్రింట్ తీసుకుని, తెల్ల ఫ్యాబ్రిక్ కలర్ గుడ్డ మీద సమంగా పూసి, ప్రింట్ ముఖం కిందికి పెట్టి ఒత్తి ఒక రోజు వదిలేయి. తర్వాత వెనక కాగితాన్ని తడివేలితో మెల్లగా రుద్దితే కాగితం పేలికలుగా లేచి, బొమ్మ గుడ్డకు మిగులుతుంది. ఇక్కడ ఫెవికాల్ పనికిరాదు, తడివేలికి అది కూడా నాని బొమ్మ లేచిపోతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది. ముఖమైతే పెద్దగా తెలియదు. వెనకాల 'దేవరకొండ' అన్న బస్సు బోర్డు ఉంటే మాత్రం కుడినుంచి ఎడమకు చదువుకోవాలి. జిరాక్స్ షాపులో మిర్రర్ చేసి ఇవ్వమను. ఇది ఉతికే గిన్నె దగ్గర చేసే తడి పని కాబట్టి పేజీ మీద చేయకు. విడి గుడ్డముక్క మీద చేసి, ఆరాక తెచ్చి కుట్టు. నా మటుకు నేనైతే ఈ పేజీలో ఫోటో పెట్టను. జేబు ఉంది, టికెట్లు ఉన్నాయి, చేతిరాత ఉంది, దారి ఉంది. ఫోటో పెడితే అందరి కళ్లూ నేరుగా దాని మీదికే పోతాయి, జేబులో ఎవరూ చేయి పెట్టరు. దానికి ఇంకో పేజీ చేసుకో.

పేజీలు అతుక్కోవడం గురించి నువ్వు అడగలేదు గాని వానాకాలం వస్తే నువ్వే రాస్తావు. రంగు పూసిన రెండు పేజీల మధ్య బటర్ పేపర్ పెట్టు. లేదా ఆరిన రంగు మీద కొవ్వొత్తిని ఒకసారి తేలిగ్గా రుద్ది మెత్తటి గుడ్డతో తుడిచేయి. పచ్చి పూలూ ఆకులూ మాత్రం పెట్టకు. పిల్లలమర్రి కింద ఏరిన మర్రాకు ఒకటి, బాగానే ఎండిందనుకుని అంటించేశాను. నెల తిరిగేసరికి దాని చుట్టూ బూజు, పక్క పేజీకి కూడా. ఆకైనా బతుకమ్మలోంచి తీసిన గునుగు పువ్వైనా, పాత న్యూస్ పేపర్ల మధ్య రెండు మూడు వారాలు నొక్కి, వంచితే పెళుసుగా విరిగేలా ఉన్నప్పుడే పేజీలోకి తేవాలి.

అత్తమ్మ మాటకు వస్తే, ఆమెతో వాదించకు. 1912లో పికాసో అంతటివాడు కుర్చీ అల్లిక అచ్చు వేసిన ఆయిల్ క్లాత్ ముక్కను బొమ్మకు అంటించి, చుట్టూ ఫ్రేము బదులు తాడు పెట్టాడని చెప్పొచ్చు. చెప్పినా ఆమెకేం పట్టదు. దానికన్నా ఆ నల్లగొండ–దేవరకొండ దారిలో వరసగా ఏ స్టేజీలు వస్తాయో ఆమెను అడిగి రాసుకో. పాతకాలం నుంచి బస్సెక్కినవాళ్లకు ఆ వరస నోటికి ఉంటుంది. ముడికుట్లు ఎన్ని వేయాలో ఎలాగూ నీకు తెలియాలి.

ఆఖరికి జేబు అడుగున ఇంకు మరక. ఉతకకు. ఆ చిట్టీ రాసిన పెన్ను అందులోనే ఉండి ఉంటుంది. నా జవాబు వచ్చేలోపే సర్ఫ్‌లో నానబెట్టేసి ఉంటే, ఇప్పుడే తీసి మంచినీళ్లలో ఒక్క జాడింపు జాడించి, పిండకుండా నీడన ఆరేయి.